ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మ కోసం బ్యాటరీ మోషన్ సెన్సర్ పెట్టాలి. ఏ బ్రాండు కొనాలి, ఏ సెట్టింగులు పెట్టాలి?

మీరు రాసింది ఇదీ: అమ్మగారు ఊళ్ళో ఒక్కరే ఉంటారు, రాత్రి బాత్రూంకి లేస్తారు, గోడలు చెక్కి వైరు లాగించడం మీకు ఇష్టం లేదు, అందుకని బ్యాటరీ మోషన్ సెన్సర్ పెట్టి లైటు దానంతటదే వెలిగేలా చేద్దామనుకుంటున్నారు. ఏ బ్రాండు, ఏ సెట్టింగులు అని అడిగారు. ఎక్కడ బిగించాలో మాత్రం అడగలేదు. నేను చెప్పాలనుకున్నదంతా దాని గురించే. బ్రాండు సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను, అందులో అంతకన్నా చెప్పడానికేం లేదు.

మా అమ్మానాన్నలు మండపేట దగ్గర పల్లెలో ఉంటారు. పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశారు గానీ వెనక వసారాకి మాత్రం రేకులే. హాల్లోంచి తలుపు తీస్తే వసారా, వసారా పొడుగునా నడిచి చివర రెండు మెట్లు దిగితే బాత్రూం. వసారా లైటు స్విచ్చి ఆ చివర, మెట్ల దగ్గర. అంటే చీకట్లో అంత దూరం నడిచి వెళ్ళాక గానీ లైటు వేసుకోవడం కుదరదు. ఊళ్ళల్లో చాలా ఇళ్ళు ఇలాగే ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు వైరింగు వాడికి ఎక్కడ సులువైతే అక్కడ బోర్డు పెట్టేస్తాడు, ఎవరూ అడగరు. నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. ఒకసారి ఆ మెట్ల మీద కాలు జారాక ఇక ఊరుకోకూడదనిపించి, టౌన్లో కెమెరాలు అవీ బిగించే ఒకతన్ని పిలిపించాం. అతను వసారా చివర, మెట్ల పైన గోడకి, హాలు తలుపుకేసి చూసేలా సెన్సర్ అతికించాడు. పక్కనే స్మార్ట్ బల్బు. చూడ్డానికి చక్కగా ఉంది. సంక్రాంతికి అందరం వెళ్ళినప్పుడు తలుపు తీయగానే లైటు వెలిగేది, పిల్లలు అదో ఆటలా అటూ ఇటూ పరిగెత్తారు.

ఎండలు ముదిరాక అమ్మ ఫోన్లో ఓ మాట అంది. "అమ్మాయ్, మీ నాన్నగారు వెళ్ళేటప్పుడు వెలగట్లేదే. వచ్చేటప్పుడు మాత్రం వెలుగుతోంది." బిగించినతనికి ఫోన్ చేస్తే "బ్యాటరీ వీకయ్యుంటదండి" అన్నాడు. బ్యాటరీ మార్చాడు, అదే తీరు. సెన్సరే పోయిందని కొత్తది పెట్టి డబ్బులు తీసుకున్నాడు, మళ్ళీ అదే తీరు. తర్వాత యాప్ అప్‌డేట్ అన్నాడు. ఏమీ తోచనప్పుడు బ్యాటరీ మీదకి నెట్టడం ఈ పని చేసేవాళ్ళందరికీ అలవాటు. బ్యాటరీ అయిపోతే వచ్చేటప్పుడు మాత్రం ఎలా వెలుగుతుంది? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే సరిపోయేది.

నేను రోహిణి కార్తెలో ఊరెళ్ళాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజులవి. రాత్రి పదకొండు దాటినా వసారా గోడ మీద చెయ్యి వేస్తే పొయ్యి పక్క గోడలా ఉంది. పగలంతా రేకులు తాగిన వేడి అంతా కిందకి దిగుతోంది. గోడకి వేలాడదీసిన థర్మామీటరు 34 చూపిస్తోంది. కుర్చీ వేసుకుని ఓ మూల కదలకుండా కూర్చుని సెన్సర్‌కేసి చూస్తున్నాను. మనిషిని పసిగట్టినప్పుడు దాని లోపల చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంది. నాన్నగారు లుంగీ, బనీనుతో తలుపు తీసుకుని వచ్చారు. వసారా మధ్యకి వచ్చారు. ఎర్ర లైటు లేదు. గోడ తడుముకుంటూ మెట్ల దాకా వెళ్ళారు, చేత్తో పాత లైటు స్విచ్చి వేసుకుని దిగారు. పని ముగించుకుని లైటు ఆర్పేసి పైకొచ్చారు. ఉక్కకి తట్టుకోలేక నాలుగు చెంబులు నీళ్ళు గుమ్మరించుకుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని వస్తున్నారు. రెండో మెట్టు మీదకి రాగానే ఎర్ర లైటు మిణుకుమంది, బల్బు వెలిగింది.

మళ్ళీ చూద్దామని తువ్వాలు తీసేసి, ఒళ్ళు తుడుచుకుని, కాసేపాగి నడవమన్నాను. వెలగలేదు. తువ్వాలు తడిపి కప్పుకుని నడవమన్నాను. వెలిగింది. నాన్నగారు అప్పుడన్నారు: "పొడిగా ఉంటే దానికి నేను గోడనే. తడిస్తే మనిషినవుతున్నాను." అంతే, విషయం అదే. ఇంతకన్నా బాగా ఏ మాన్యువల్లోనూ రాయలేదు.

ఈ రకం మోషన్ సెన్సర్లని పీఐఆర్ సెన్సర్లంటారు. వీటికి కన్ను లేదు, అవి మనిషిని చూడవు. మన ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ తేడా ఉండి, ఆ తేడా కదిలితేనే వాటికి తెలుస్తుంది. మన చర్మం వేడి మామూలుగా 33, 34 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గోడ కూడా 34 ఉంటే ఇక తేడా ఎక్కడిది? తడిస్తే ఆ నీళ్ళు ఆవిరవుతూ ఒంటిని గోడకన్నా చల్లబరుస్తాయి, అప్పుడు మళ్ళీ కనిపిస్తాడు. గోడకన్నా వేడిగా ఉన్నా సరే, చల్లగా ఉన్నా సరే, తేడా ఉండాలి, అది చాలు దానికి. డబ్బా మీద "ఏడు మీటర్లు" అని అచ్చేస్తారు, అది వేడి తేడా బాగా ఉన్న చోటి లెక్క. మే నెలలో మన రేకుల వసారాలో ఆ ఏడు మీటర్లు రెండు మీటర్లవుతాయి, ఒక్కోసారి సున్నా. తెలుగులో రివ్యూలు చేసే కుర్రాళ్ళు కూడా తెల్లటి బల్ల మీద పెట్టి, ముందు చెయ్యి ఊపి, "సూపర్‌గా పని చేస్తోంది ఫ్రెండ్స్" అంటారు. ఒక్కరైనా మధ్యాహ్నం పూట రేకుల కింద పెట్టి చూపించలేదు. మన వాతావరణానికి కావాల్సిన పరీక్ష అదొక్కటే.

రెండో లోపం బిగించిన దిక్కు. సెన్సర్ ముందు పాల రంగు ప్లాస్టిక్ గుమ్మటం ఉంటుంది, దగ్గరగా చూస్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఒక్కో గడి గదిలో ఒక్కో పాయని చూస్తుంది. పాయల మధ్య ఖాళీలుంటాయి. మనిషి అడ్డంగా నడిస్తే ఒక పాయలోంచి ఇంకో పాయలోకి దాటుతుంటాడు, ఒక్కో దాటుకీ సెన్సర్ ఉలిక్కిపడుతుంది. సెన్సర్ ముఖానికి ఎదురుగా నడిచొస్తే మాత్రం చాలా సేపు ఒకే పాయలో ఉంటాడు. అంటే ఎదురు నడక దానికి అన్నిటికన్నా కష్టం. మా వసారాలో అచ్చంగా ఆ కష్టమైన పద్ధతిలోనే బిగించాడతను. చలికాలంలో వేడి తేడా ఎక్కువ కాబట్టి ఈ లోపం బయటపడలేదు. ఎండల్లో రెండూ కలిసి గుడ్డిదాన్ని చేశాయి.

మర్నాడు పొద్దున్నే దాన్ని పీకి, హాలు లోపల, తలుపు పక్క గోడకి, నేల మీంచి జానెడున్నర ఎత్తులో, తలుపుకి అడ్డంగా చూసేలా అతికించాను. హాల్లో రాత్రి ఏసీ ఉంటుంది కాబట్టి అక్కడి గోడలు చల్లగా ఉంటాయి, మనిషి కాళ్ళు స్పష్టంగా తెలుస్తాయి. ఏసీ గాలి తిన్నగా దాని ముఖాన కొట్టకుండా చూసుకున్నాను, లేకపోతే ఆ గాలికే తడబడి ఊరికే వెలుగుతుంది. కిటికీ పరదా కూడా దాని చూపులో పడకూడదు. ఇప్పుడు నాన్నగారు మంచం దిగి తలుపు గడియ తీసేలోపే బయట వసారాలో బల్బు వెలిగి ఉంటుంది. ఆ ఎండాకాలమంతా ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

మీరు పట్టుకోవాల్సింది ఇదే. సెన్సర్‌కీ లైటుకీ మధ్య వైరు లేదు. వైరు లేనప్పుడు లైటు కావాల్సిన చోటే సెన్సర్ ఉండాలన్న నియమం ఎందుకు? లైటు ఎక్కడ కావాలో అక్కడ లైటు పెట్టండి. మనిషి ఎక్కడ బాగా తెలుస్తాడో అక్కడ సెన్సర్ పెట్టండి. బ్యాటరీ సెన్సర్ కొన్నందుకు దక్కే అసలు లాభం ఇదొక్కటే, దాన్నే అందరూ వదిలేసి లైటు పక్కన తెచ్చి అతికిస్తారు. అమ్మగారు మంచం మీంచి లేచే వైపు, మంచం పట్టె కింద, నేలని చూస్తూ అతికించినా బ్రహ్మాండంగా ఉంటుంది. నిద్రలో అటూ ఇటూ పొర్లితే వెలగదు, పాదాలు నేలకి ఆనితేనే వెలుగుతుంది.

సెన్సరూ, బల్బూ, సోలార్ పలకా అన్నీ ఒకే ముక్కలో ఉండే లైట్లు ఆన్‌లైన్లో చవగ్గా వస్తాయి, దయచేసి అవి కొనకండి. బల్బు దగ్గరికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం బల్లులు చేరతాయి. బల్లి ఒంట్లో వేడి లేకపోయినా సెన్సర్ గుమ్మటానికి అంగుళం దూరంలో పాకితే దానికి అది ఏనుగంత. రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, తెల్లారేసరికి ఛార్జింగ్ ఉండదు. ఇక వానాకాలంలో మబ్బు పట్టిన వారమంతా అవి అలంకారానికే. పెద్దవాళ్ళ ప్రాణం ఆధారపడే చోట అలాంటిది పెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఇక సెట్టింగులు. అన్నిటికన్నా ముఖ్యమైంది లైటు ఎంతసేపు ఉండాలన్నది. యాప్‌లో ముందుగా ఉండేది తరచుగా ముప్పై సెకన్లో, నిమిషమో. పెద్దవాళ్ళు బాత్రూంలో నిమిషంలో తేలరు. కమోడ్ మీద కదలకుండా కూర్చున్న మనిషి పీఐఆర్ లెక్కలో లేనట్టే. పది నిమిషాలు పెట్టండి, కరెంటు ఖర్చు గురించి ఆలోచించకండి. 9 వాట్ల ఎల్ఈడీ పది నిమిషాలు వెలిగితే ఒక యూనిట్‌లో వెయ్యో వంతుకి ఒకటిన్నర రెట్లు, అంతే. బాత్రూం లోపలి లైటు మాత్రం సెన్సర్‌కి వదలకండి, అక్కడ రాత్రంతా వెలిగే చిన్న బెడ్‌లైటు పెట్టండి. కదలని మనిషిని కూడా పసిగట్టే రాడార్ సెన్సర్లు ఉన్నాయి గానీ అవి కరెంటు ఎక్కువ తాగుతాయి, చాలావాటికి వైరు కావాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చాలా బ్యాటరీ సెన్సర్లు ఒకసారి మనిషిని చూశాక, బ్యాటరీ ఆదా కోసం కాసేపు కళ్ళు మూసుకుంటాయి. కొన్నిట్లో అది అరవై సెకన్ల దాకా ఉంటుంది. లైటు ఆరే గడువు దానికన్నా తక్కువ పెడితే మనిషి ఎదురుగా నడుస్తున్నా లైటు ఆరిపోతుంది, అప్పుడు సెన్సర్‌ని తిడతారు. గడువు ఎప్పుడూ ఆ నిద్రకన్నా బాగా ఎక్కువ ఉండాలి. సెన్సిటివిటీ మీట ఉంటే ఎండాకాలానికి ఎక్కువలో పెట్టండి, చలికాలంలో ఊరికే వెలుగుతుంటే తగ్గించుకోవచ్చు.

వైఫైతో నడిచేవి, జిగ్‌బీతో (ఇంట్లో వస్తువులు తక్కువ కరెంటుతో తమలో తాము మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి) నడిచేవి అని రెండు రకాలు దొరుకుతాయి. నా ఓటు జిగ్‌బీకే. వైఫై సెన్సర్ బ్యాటరీ మిగుల్చుకోడానికి గాఢనిద్రలో ఉంటుంది, మనిషి కదిలాక లేచి, రౌటర్‌తో మాట కలిపి, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి చెప్పి, అది తిరిగి బల్బుకి చెప్పేసరికి మనిషి మెట్ల మీద ఉంటాడు. జిగ్‌బీకి హబ్బు, అంటే సెన్సర్లనీ బల్బులనీ కలిపే చిన్న డబ్బా, అదనంగా కొనాలి గానీ కబురు ఇంట్లోనే తిరుగుతుంది. ఇంటర్నెట్ పోయినా పని చేసే హబ్బు చూసి కొనండి. మీరు వైఫైదే కొంటే గుర్తుంచుకోండి, ఇలాంటివి దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పని చేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ మీద కాదు. కొత్త రౌటర్లు 2.4, 5 రెండూ ఒకే పేరుతో కలిపేస్తాయి, ఫోను 5 మీద ఉంటుంది, జత కలవదు. రౌటర్ సెట్టింగుల్లో రెండిటినీ వేరు పేర్లు చేసి, ఫోను 2.4 మీద పెట్టి జత చేయండి. జిగ్‌బీ కూడా ఆ 2.4లోనే ఉంటుంది, అందుకని హబ్బుని రౌటర్‌కి ఆనించి పెట్టకండి, కాస్త ఎడంగా ఉంచండి. ఇనుప బీరువా వెనక అసలే పెట్టకండి.

హబ్బూ రౌటరూ రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి, ఆ బల్బు కూడా. లైటు అసలు కావాల్సింది కరెంటు పోయిన రాత్రే. ఆ స్మార్ట్ బల్బు గోడ స్విచ్చి ఎవరూ ఆర్పకుండా టేపు వేయండి. మా నాన్నగారికి చేత్తో లైటు ఆర్పకుండా పడుకోవడం పాపంతో సమానం, అలవాటు మాన్పించడానికి నెలలు పట్టింది. జిగ్‌బీలో స్మార్ట్ బల్బులూ, ప్లగ్గులూ మధ్యలో నిలబడి కబురు అందిస్తాయి, స్విచ్చి ఆర్పితే ఆ దారి తెగిపోతుంది. దూరం ఎక్కువై మధ్యలో స్మార్ట్ ప్లగ్గు పెడితే అది వంటింట్లో వద్దు, మిక్సీ కోసం పీకేస్తారు.

జత చేయడం దగ్గర ఒక్కటే మాట. సెన్సర్‌ని హబ్బు పక్కన కూర్చుని జత చేసి తర్వాత దూరంగా తీసుకెళ్ళి అతికించకండి. అది ఎక్కడ ఉండబోతోందో అక్కడే పట్టుకుని, బ్యాటరీకి అడ్డుగా ఉండే ప్లాస్టిక్ నాలుక లాగి, బటన్ నొక్కి జత చేయండి. కొన్ని సెన్సర్లు మొదట ఎవరి ద్వారా కలిశాయో వాళ్ళనే పట్టుకుని వేలాడతాయి, దగ్గర్లో ఇంకో దారి ఉన్నా మారవు. అతికించేముందు గోడ మీద సున్నం రాలకుండా తుడవండి. సున్నం గోడకి సెన్సర్ వెనకుండే జిగురు టేపు నిలవదు, రెండు మేకులే దిక్కు.

అమెరికాలో ఉన్న వాళ్ళు ప్రేమగా తెచ్చేవాటి గురించి కూడా చెప్పాలి. మా అన్నయ్య డాలస్ నుంచి జడ్-వేవ్ (జిగ్‌బీ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) సెన్సర్లు తెచ్చాడు. మంచివే, ఖరీదైనవే. కానీ అమెరికా జడ్-వేవ్ 908 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, మన దేశానికి కేటాయించింది 865. ఇక్కడి హబ్బుతో అవి మాట్లాడవు. జిగ్‌బీకి ఈ తంటా లేదు, 2.4 ఏ దేశంలోనైనా ఒకటే. కాబట్టి ఎవరైనా తెస్తామంటే జిగ్‌బీ అని స్పష్టంగా చెప్పండి.

బ్రాండు విషయానికొస్తే, అకారా, సోనాఫ్, ఫిలిప్స్ హ్యూ, ఐకియా, వీటిలో మీ హబ్బుతో కలిసేది ఏదైనా కొనండి. నేనైతే బ్యాటరీ చూసి ఎంచుతాను. రెండు ఏఏఏ సెల్లులతో నడిచేదైతే మీ ఊళ్ళో కిరాణా కొట్లోనే దొరుకుతాయి. బిళ్ళ బ్యాటరీదైతే సీఆర్2450 వేసేది మేలు, సీఆర్2032 కన్నా దాంట్లో రెండు రెట్లకు పైగా సరుకు ఉంటుంది. ఛార్జింగ్ చేసుకునే ఎల్ఐఆర్ రకం బిళ్ళలు వేయకండి, వాటి వోల్టేజి 4 దాటుతుంది, 3 వోల్టుల సెన్సర్ కాలిపోవచ్చు. యాప్ చూపించే శాతాన్ని నమ్మకండి. లిథియం బిళ్ళ చివరి దాకా ఇంచుమించు ఒకే వోల్టేజి ఇచ్చి ఒక్కసారిగా పడిపోతుంది. నిన్న వందలో తొంభై చూపించింది ఈరోజు చచ్చిపోయి ఉంటుంది. సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు బ్యాటరీ మార్చేయండి, ఎంత మిగిలుందని చూడొద్దు. గుమ్మటాన్ని మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, సాలెపురుగు లోపల గూడు కట్టిందేమో కూడా చూడండి.

బిళ్ళ బ్యాటరీ ఉన్న ఏ వస్తువైనా మనవలు వచ్చే ఇంట్లో పెడుతున్నప్పుడు మూతకి మర ఉన్నదే కొనండి. నేలకి దగ్గరగా బిగించమని నేనే చెప్తున్నాను కాబట్టి ఇది తప్పనిసరిగా చెప్పాలి. పసిపిల్లలు ఆ బిళ్ళ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. దొడ్డికి వెళ్తే పడిపోతుందిలే అని ఇంట్లో ఆగకూడదు, అరటిపండు తినిపించి చూడకూడదు. ఎండోస్కోపీ ఉన్న పెద్దాసుపత్రికి ఆ క్షణమే బయల్దేరాలి. మార్చిన పాత బిళ్ళని రెండు వైపులా సెల్లోటేపు చుట్టి, పిల్లలకి అందని చోట పెట్టమని అమ్మగారికి చెప్పండి. వాడేసినా దాంట్లో కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది.